ఆ 13.03 ఏమైపోయింది? అథ్లెటిక్స్ మీట్లు నడిపే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

జిల్లా, రాష్ట్ర, విశ్వవిద్యాలయ స్థాయుల్లో అథ్లెటిక్స్ మీట్లు నడిపే పెద్దలందరికీ,

నమస్కారం.

నేను మీకు కొత్తవాణ్ని కాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఉత్తరాంధ్ర హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మీలో చాలామందితో కలిసి ఎండలో నిలబడ్డాను, గ్రౌండులో సున్నం గీతలు వేశాను, స్టాప్‌వాచ్ పట్టుకున్నాను, మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలకు సాంబారు చాల్లేదని గొడవా పడ్డాను. కాబట్టి దీన్ని బయటివాడి ఫిర్యాదు అనుకోకండి. ఇందులో చెప్పే తప్పుల్లో కొన్ని నేను చేసినవే.

అడ్డంగా పెట్టిన హర్డిల్స్‌ను దాటుతూ పరిగెత్తే మన యర్రాజి జ్యోతి గెలిచిన ప్రతిసారీ మన ఊళ్లలో ఫ్లెక్సీలు లేస్తాయి. మంచిదే. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో పనిచేస్తూ ఆస్పత్రిలో క్లీనింగ్ పనికీ వెళ్లేది. విశాఖపట్నంలో అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఆసియా చాంపియన్ అయితే ఫ్లెక్సీ కట్టాల్సిందే. పతకాల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. నేను రాస్తున్నది ఆమె పరిగెత్తినా రికార్డు పుస్తకంలోకి ఎక్కని పరుగుల గురించి.

2020 జనవరి గుర్తు చేసుకోండి. కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల మీట్. 100 మీటర్ల హర్డిల్స్‌ను జ్యోతి 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. దాన్ని ఒడిశా అమ్మాయి అనురాధా బిస్వాల్ 2002లో పెట్టింది. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ కదపలేని రికార్డు అది. 0.35 సెకన్ల తేడా అంటే వినడానికి ఏమీ అనిపించదు. ముగింపు గీత దగ్గర అది రెండున్నర మీటర్ల పైమాటే. పాత రికార్డు పక్క లేన్లో పరిగెత్తి ఉంటే, జ్యోతి గీత దాటేసరికి అది ఇంకా వెనకే ఉండేది.

ఆ పరుగు రికార్డు కాలేదు. ఆ మీట్‌లో డోపింగ్ పరీక్షలు చేసే నాడా వాళ్లు లేరు. మీట్ నిబంధనల ప్రకారం నడుస్తోందా అని చూడటానికి అథ్లెటిక్స్ ఫెడరేషన్ తరఫున ఉండాల్సిన టెక్నికల్ డెలిగేట్ లేరు. అంతే. ఆమె కాలు ఎక్కడా తడబడలేదు, పది హర్డిల్స్‌నూ పద్ధతిగానే దాటింది. రావాల్సిన పెద్దలు ఇద్దరు రాలేదు.

ఆ తర్వాత కరోనా వచ్చి మీట్లే ఆగిపోయాయి. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్ ఫెడరేషన్ కప్‌లో మళ్లీ 13.09. ఈసారి అందరూ ఉన్నారు, అన్నీ ఉన్నాయి. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. నిబంధన ప్రకారం 2.0 వరకే ఒప్పుకుంటారు. మళ్లీ రికార్డు లేదు.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టేసి 'పాపం, దురదృష్టం' అని రాసినవాళ్లున్నారు. నాకది ఒప్పు అనిపించదు. కోళికోడ్‌లో గాలి కొలిచే విండ్ గేజ్ ఉంది, అది నిజం చెప్పింది. బాధగా ఉన్నా న్యాయం. టోబీ అముసాన్ అనే నైజీరియా అమ్మాయి 2022లో యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో 12.12తో ప్రపంచ రికార్డు కొట్టింది. కాసేపటికి ఫైనల్లో అంతకంటే వేగంగా 12.06లో పరిగెత్తితే, గాలి 2.5 ఉందని దాన్ని రికార్డుగా తీసుకోలేదు. అదే ఏడాది గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో జ్యోతి 12.79 చేసినప్పుడూ గాలి 2.5. గాలి అందరికీ ఒకటే. గాలి మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు మూడబిద్రి మీద, ఇంకా చెప్పాలంటే మన ఊళ్లలో ప్రతి ఏడాదీ జరిగే చిన్న చిన్న మూడబిద్రిల మీద.

చివరికి జ్యోతి పేరు పుస్తకంలోకి ఎక్కింది ఎక్కడో తెలుసు కదా? సైప్రస్‌లోని లిమసోల్‌లో. 2022 మే 10న, 13.23. గమనించారా, రెండేళ్ల కిందట మన దేశంలో చేసిన దానికంటే అది నెమ్మది పరుగు. అయినా అదే రికార్డు, ఎందుకంటే అక్కడ అన్నీ సక్రమంగా ఉన్నాయి. అదే నెలలో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో 13.11, నెదర్లాండ్స్‌లోని వుఖ్ట్‌లో 13.04. మూడు వారాలు నిండకుండా మూడు రికార్డులు. మూడబిద్రి 13.03ను మాత్రం అప్పటికీ అందుకోలేదు. ఆ అక్టోబరులో బెంగళూరు నేషనల్ ఓపెన్‌లో గాలి 0.9 ఉన్నప్పుడు 12.82 చేసింది. భారత మహిళ ఒకరు 13 సెకన్ల లోపు చేసిన పరుగు మొదటిసారి లెక్కకు వచ్చింది. అది చదివిన రోజు నేను ఇంట్లో ఒక్కణ్నే చప్పట్లు కొట్టాను. ఏమైందని మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది.

ఇక మన గ్రౌండుల సంగతికి వస్తాను.

ఈ పందెం కొలతల మీద నడుస్తుంది. స్టార్టింగ్ గీత నుంచి మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు. అక్కడి నుంచి ఒక్కొక్క హర్డిల్‌కు మధ్య 8.5 మీటర్లు. పదో హర్డిల్ నుంచి ముగింపుకు 10.5. పెద్దవాళ్ల పందెంలో హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మధ్యలో పడే అడుగులు మూడే. నాలుగు పడితే ముందుకు వేసే కాలు మారిపోతుంది, ఐదు పడితే పందెం పోతుంది. జ్యోతి లాంటి పొడగరికి కూడా ఆ మూడు అడుగులు ఎక్కడ పడాలో ఒంటికి పట్టడానికి ఏళ్లు పట్టింది. 2016లో హైదరాబాద్‌లోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో కోచ్ నాగపురి రమేశ్ గారి దగ్గర, తర్వాత గుంటూరులో, 2019 నుంచి భువనేశ్వర్‌లో కోచ్ జేమ్స్ హిలియర్ దగ్గర ఆమె చేసిన సాధనలో ఎక్కువ భాగం ఈ మూడు అడుగుల మీదే ఉంటుంది. హర్డిల్స్ అంటే ఎగిరి దూకడం అని చూసేవాళ్లు అనుకుంటారు. ఎగిరితే గాల్లో టైమ్ పోతుంది. నడుము కిందికి వంచి, హర్డిల్‌ను రాసుకుంటూ, పరుగు తెగకుండా దాటాలి.

అలాంటి పందేనికి మనం హర్డిల్స్ ఎలా పెడుతున్నాం? అడుగులతో. 'ఏయ్, పదకొండు అడుగులెయ్యి, అక్కడ పెట్టు' అని తొమ్మిదో తరగతి కుర్రాడికి చెబుతున్నాం. నేనూ అలాగే చెప్పాను. ఒక లేన్లో 8.5 అయితే పక్క లేన్లో 8.2 వస్తుంది. పట్టుమని పది మీటర్లు సరిగ్గా కొలవని చోట సెకనులో నూరో వంతు గురించి మాట్లాడుకుంటున్నాం.

కొలత తప్పితే కొంత నయం. ఒక సంగతి చెబుతాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

చాలా ఏళ్ల కిందట ఒక జిల్లా మీట్. హర్డిల్స్ పెట్టించే పని నాది. అవి వెల్డింగ్ షాపులో ఇనప పైపులతో చేయించినవి, బరువైనవి. అసలైన హర్డిల్ కాళ్ల దగ్గర జరిపే బరువులు ఉంటాయి, పైన 3.6 నుంచి 4 కిలోల ఒత్తిడి తగిలితే చాలు, పడిపోతుంది. అలా పడిపోవాలనే దాన్ని అలా చేస్తారు. ఇంకో ముఖ్యమైన విషయం, దాని కాళ్లు పరిగెత్తి వచ్చేవాళ్ల వైపు ఉండాలి. అప్పుడు తగిలితే ముందుకు ఒరిగి పడుతుంది. తిప్పి పెడితే కాళ్లు అడ్డుపడి పడదు, గోడలా నిలబడిపోతుంది. ఆ రోజు ముఖ్య అతిథి గారు ఆలస్యంగా వచ్చారు. ఆయన వచ్చేదాకా ఆపిన పందేలన్నీ ఒంటిగంట ఎండలో గబగబా పెట్టాం. స్టోర్ రూమ్ నుంచి హర్డిల్స్ మోసిన పిల్లలు మూడో లేన్లో కొన్నింటిని తిప్పి పెట్టారు. నేను చూడాలి. చూడలేదు. మైకులో సన్మానం జరుగుతుంటే అటు చూస్తున్నాను.

నాలుగో హర్డిల్ దగ్గర ఆ పిల్ల మోకాలు తగిలింది. హర్డిల్ పడలేదు, పిల్ల పడింది. ముంజేయి విరిగింది. సాయంత్రం వాళ్ల నాన్న పొలం నుంచి వచ్చి, తువ్వాలు చేత్తో పట్టుకుని నాతో అన్నాడు: 'దానికింకా సరిగ్గా రాదు సార్, ఏమనుకోకండి' అని. ఆయన నాకు క్షమాపణ చెబుతున్నాడు! ఆ హర్డిల్ తిరగేసి ఉందని నేను ఆయనకు చెప్పలేదు. మరుసటి ఏడాది ఆ అమ్మాయి ఖోఖోకు వెళ్లిపోయింది. హర్డిల్స్ అంటే భయమని తోటి పిల్లలకు చెప్పిందట.

జ్యోతి కూడా 2015లో ఇలాంటి అంతర్ జిల్లాల మీట్‌లోనే గెలిచి పైకి వచ్చింది. ఆ రోజు ఎవరో ఒకరు హర్డిల్స్ సరైన వైపు పెట్టారు. ఆ మనిషికి ఏ ఫ్లెక్సీలోనూ చోటు లేదు, నాకు మాత్రం ఆయన మీద చాలా గౌరవం.

చేతి టైమింగ్ గురించి కూడా ఒక మాట. ముగ్గురం స్టాప్‌వాచ్‌లు పడతాం. మూడూ మూడు రకాలుగా వస్తే మధ్యది తీసుకుంటాం. తుపాకీ పొగ చూసి బటన్ నొక్కాలని నిబంధన. మనలో సగం మందిమి చప్పుడు విని నొక్కుతాం, ఇంకొందరం గెలిచేలా ఉన్న పిల్ల మన స్కూలుదైతే గీత దాటకముందే నొక్కేస్తాం. పొగ చూసి పద్ధతిగా నొక్కినా వేలు కాస్త ఆలస్యంగానే కదులుతుంది, అందుకే స్ప్రింట్లలో చేతి టైమ్‌ను యంత్రం టైమ్‌తో పోల్చేటప్పుడు 0.24 కలుపుతారు. పాత రికార్డుకూ జ్యోతి మూడబిద్రి పరుగుకూ మధ్య ఉన్న తేడా 0.35. అంటే ఒక జాతీయ రికార్డులో మూడింట రెండొంతులు మన బొటనవేలి కిందే మాయమైపోగలదు. పల్లెల్లో ఫొటో ఫినిష్ కెమెరా పెట్టమని నేను అడగను. రాష్ట్ర మీట్‌కు, యూనివర్సిటీ మీట్‌కు పెట్టకపోవడానికి మాత్రం కారణం దొరకదు. సన్మాన శాలువాలకూ జ్ఞాపికలకూ అయ్యే ఖర్చు నేను దగ్గరుండి చూసినవాణ్ని.

విండ్ గేజ్ కూడా అంతే. ఒకటో లేన్ పక్కన, ముగింపుకు 50 మీటర్ల ఇవతల, 1.22 మీటర్ల ఎత్తున పెట్టాలి. హర్డిల్స్ అయితే తుపాకీ పేలినప్పటి నుంచి 13 సెకన్లు గాలిని కొలవాలి. ఇంతే పని. నేను పనిచేసిన ఒక రాష్ట్ర స్థాయి మీట్‌లో పరికరం ఉంది, పెట్టెలో ఉంది, బ్యాటరీ లేదు. ఫలితాల కాగితం మీద గాలి అన్న గడిలో ఒకాయన అన్ని పందేలకూ 0.0 అని రాసేశాడు. సముద్రం పక్క ఊళ్లో సాయంత్రం నాలుగింటికి గాలి సున్నా!

ఈ కాగితాలు, రికార్డింగులు ఎంత పనిచేస్తాయో చైనాలోని హాంగ్‌ఝౌలో చూశాం కదా. 2023 అక్టోబర్ 1, ఆసియా క్రీడల ఫైనల్. పక్క లేన్లో ఉన్న చైనా అమ్మాయి వూ యానీ ముందే కదిలింది, ఆ కదలికకు జ్యోతి కూడా లేచింది. అధికారులు ఇద్దరినీ తప్పించబోయారు. జ్యోతి అక్కడే నిలబడి వాదించింది. వీడియో చూశారు, చర్చ నడిచింది, ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. వూ యానీ రెండోది, జ్యోతి 12.91తో మూడోది. తర్వాత వూ యానీని అనర్హురాలిగా ప్రకటించి జ్యోతికి రజతం ఇచ్చారు. అంత టెన్షన్ తర్వాత మళ్లీ బ్లాకుల్లో కూర్చుని 12.91 చేయడం మామూలు విషయం కాదు, నేనైతే కాళ్లు వణికి కూర్చుండిపోయేవాణ్ని. అక్కడ ఆమెను కాపాడింది ఏమిటి? ఎవరు ముందు కదిలారో చూపించే రికార్డింగ్ ఉంది. మన మీట్‌లో అయితే? స్టార్టర్ గారు 'నువ్వు బయటికి పో' అంటే పిల్ల ఏడ్చుకుంటూ పోవడమే. స్టార్టర్‌తో వాదించే పిల్లను మనం పొగరుబోతు అంటాం. ఆ తర్వాత ఏడాది సెలెక్షన్‌లో గుర్తు కూడా పెట్టుకుంటాం.

ఇంకొకటి. 2024 మే నెలలో ఫిన్లాండ్‌లో జ్యోతి 12.78 చేసింది. అంతకు ముందు ఏడాది చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో కాంస్యం తెచ్చిన పరుగు కూడా సరిగ్గా 12.78. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా వెళ్లడానికి కావాల్సింది 12.77. నూరో వంతు సెకను! ఆమె చివరికి పారిస్ వెళ్లింది, ఒలింపిక్స్‌లో ఈ పందెం పరిగెత్తిన మొదటి భారతీయురాలయింది. అయితే వెళ్లింది ప్రపంచ ర్యాంకింగ్ ఆధారంగా. ర్యాంకింగ్ అంటే ఏమిటి? ఏ స్థాయి మీట్‌లో, ఎంత గాలిలో, ఎంత టైమ్‌లో, ఎన్నో స్థానంలో వచ్చావన్న లెక్క. అన్నీ సక్రమంగా రాసి పంపిన మీట్లకే అందులో విలువ. ఆమె కాళ్లకు తోడు ఎవరో టేబుల్ దగ్గర కూర్చుని సరిగ్గా నింపిన కాగితాలు కూడా ఆమెను పారిస్ చేర్చాయి. అక్కడ మొదటి రౌండ్ హీట్స్‌లో 13.16, వెనకబడినవాళ్లకు రెండో అవకాశంగా ఇచ్చే రెపిచేజ్‌లో 13.17, అక్కడితో ఆగింది. మరుసటి ఏడాది మే నెలలో కొరియాలోని గుమిలో వానలో 12.96 చేసి ఆసియా టైటిల్ నిలబెట్టుకుంది, అదీ చాంపియన్‌షిప్ రికార్డుతో. ఆ తర్వాత మోకాలి లిగమెంట్ దెబ్బతిని ఆపరేషన్ జరిగింది, టోక్యో ప్రపంచ పోటీలు పోయాయి. హర్డిలర్ జీవితంలో మంచి ఏళ్లు ఎన్నని? పదేళ్లుంటే ఎక్కువ. అందులో ఒక పరుగు మన నిర్లక్ష్యానికి పోతే మళ్లీ తిరిగి ఇచ్చేదెవరు?

జ్యోతి ఒక్కతే కాదు కాబట్టే ఇంత రాస్తున్నాను. తెలంగాణ గురుకులంలో చదివిన అగసర నందిని ఏడు ఈవెంట్ల హెప్టాథ్లాన్‌లో హాంగ్‌ఝౌలో 5712 పాయింట్లతో కాంస్యం తెచ్చింది, గుమిలో స్వర్ణం తెచ్చింది. హెప్టాథ్లాన్‌లో మొట్టమొదటి ఈవెంట్ ఇదే, 100 మీటర్ల హర్డిల్స్. రెండు రాష్ట్రాల్లోనూ ఈ పందేనికి పనికొచ్చే పిల్లలు ఉన్నారని ఇంకా రుజువులు కావాలా? ఎనిమిదో తరగతిలో పొడుగ్గా, సిగ్గుగా, వెనక బెంచీలో కూర్చునే పిల్లలు ప్రతి హైస్కూల్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లను గ్రౌండులోకి తీసుకురావడం పీఈటీల పని, ఆ పని మేం చేస్తాం. తెచ్చాక మీరు చేయాల్సింది ఉంది.

నేను అడిగేవి పెద్దవి కావు. యూనివర్సిటీ మీట్, రాష్ట్ర మీట్ తేదీలు ఖాయం చేసిన రోజే నాడాకూ, ఫెడరేషన్‌కూ ఉత్తరం రాయండి. మీట్‌కు రెండు రోజుల ముందు ఫోన్ చేసి 'ఎవరూ ఖాళీగా లేరన్నారు' అని చెప్పొద్దు. ముఖ్య అతిథి ఎప్పుడొస్తే అప్పుడే బహుమతులు ఇవ్వండి, పందేలు మాత్రం పొద్దున్నే పెట్టేయండి. ఒంటిగంట ఎండలో మట్టి ట్రాక్ మీద పదిహేనేళ్ల పిల్లలను హర్డిల్స్ పరిగెత్తించి, నెమ్మదిగా వచ్చారని తిట్టొద్దు. బాలికల హర్డిల్ ఎత్తు 76.2 అయితే 76.2కే పెట్టండి, అబ్బాయిల పందెం అయిపోయింది కదా అని వాళ్లవే వదిలేయొద్దు.

అన్నిటికంటే చిన్నది, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది సర్టిఫికెట్. ఎన్ని జిల్లా మీట్ల సర్టిఫికెట్లు చూశానో! బంగారు రంగు అంచు, నాలుగు సంతకాలు, ముఖ్య అతిథి గారి ఫొటో. 'ప్రథమ స్థానం' అని ఉంటుంది. టైమ్ రాయాల్సిన చోట చుక్కలు, చుక్కల మీద ఖాళీ. ఆ పిల్ల 15 సెకన్లలో వచ్చిందో 19లో వచ్చిందో ఎవరికీ తెలీదు. ఆమెకూ తెలీదు. వచ్చే ఏడాది బాగుపడిందో లేదో దేంతో పోల్చుకుంటుంది? దయచేసి ఆ చుక్కల మీద ఒక అంకె రాయండి. పక్కన గాలి ఎంతో కూడా రాస్తే సంతోషం.

నా వయసు మళ్లింది, మోకాళ్లు కూడా పోయాయి. అయినా వచ్చే జిల్లా మీట్‌కు, పిలిచినా పిలవకపోయినా, వస్తాను. వేదిక మీద కుర్చీ వద్దు. మా ఇంట్లో 50 మీటర్ల స్టీలు టేపు ఉంది, ఇంకో కొస పట్టుకోవడానికి ఒక కుర్రాణ్ని ఇవ్వండి చాలు. ఎనిమిది లేన్లకూ గుర్తులు పెట్టడానికి గంటన్నర పడుతుంది. పొద్దున్న ఆరింటికల్లా గేటు తాళం తీయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు